వంటింట్లో, బండి మీద, పడక దగ్గర: ఇంటి పనుల్లోంచి పిల్లలకు వాక్యం చెప్పడం ఎలా

పిల్లలకు వాక్యం ఎప్పుడు చెప్పాలో బైబిల్లోని ద్వితీయోపదేశకాండము 6:7 నాలుగు వేళలు చెబుతుంది: ఇంట కూర్చున్నప్పుడు, త్రోవన నడుస్తున్నప్పుడు, పడుకొనేటప్పుడు, లేచేటప్పుడు. నాలుగూ ఇంటివాళ్ళతో గడిపే వేళలే. విజయవాడలోనైనా గుంటూరులోనైనా మనలో చాలామందిమి ఈ పనిని ఆదివారం సండే స్కూలుకీ, వేసవిలో కొన్ని రోజుల వీబీఎస్‌కీ (సెలవుల బైబిలు బడికి) అప్పగించి ఊరుకున్నాం. సండే స్కూలు టీచరు పిల్లల్ని వారానికి ఒక గంట చూస్తారు. మిగతా గంటలన్నీ వాళ్ళు చూసేది మనల్నే. మనం నోరు విప్పినా విప్పకపోయినా వాళ్ళు మన దగ్గర ఏదో ఒకటి నేర్చుకుంటూనే ఉంటారు.

దీనికి పద్ధతి ఒక్కటే: పని ముందు, వాక్యం తర్వాత. పిల్లవాడు చేత్తో ఏదో ఒక పని చేయాలి, లేదా కంటితో ఏదో ఒకటి చూడాలి. ఆ తర్వాత మీరు ఒక ప్రశ్న అడగాలి. వాడు చెప్పింది పూర్తిగా వినాలి. అప్పుడు ఒక్క వచనం గానీ ఒక చిన్న భాగం గానీ చదవాలి, అదీ ఫోన్లో కాకుండా బైబిలు తెరిచి. అక్కడితో ఆపేయాలి. ఆరేళ్ళలోపు పిల్లలకైతే అంతా కలిపి ఒక నిమిషం. ఏడు నుంచి పన్నెండేళ్ళ వాళ్ళకి మూడు నిమిషాలు. అంతకు మించితే అది ప్రసంగం అవుతుంది, పిల్లలకు ఆ తేడా వెంటనే తెలిసిపోతుంది. వారానికి రెండుకు మించి వద్దు. ఉల్లిపాయ తరిగినా పాఠం, గిన్నె తోమినా పాఠం అయితే ఇక పిల్లలు వంటింటి ఛాయలకు రారు.

తప్పు చేసి తల దించుకుని నిలబడ్డ పిల్లవాడికి ఆ క్షణంలో వాక్యం చదివి వినిపించకండి. ఆ వచనం ఆ తర్వాత ఎప్పుడు చెవిన పడినా వాడికి తిట్టులాగే వినిపిస్తుంది. కంఠత వాక్యాన్ని శిక్షగా పదిసార్లు రాయించడమూ ఇలాంటిదే. “అలా చేస్తే కళ్ళు పోతాయి”, “యేసయ్య కొడతాడు” అనే మాటలు పెద్దవాళ్ళ నోట అలవాటుగా వచ్చేస్తుంటాయి. అమ్మమ్మ గానీ నాన్నమ్మ గానీ అలా అంటే పిల్లల ముందు ఖండించకుండా తర్వాత ఒంటరిగా, మెల్లగా చెప్పండి.

పిడికెడు బియ్యం

ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే ఇక్కడ మొదలుపెట్టండి. అన్నం వండే ముందు, ఎసట్లో వేయాల్సిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేయడం మన సంఘాల్లో చాలామంది అమ్మలు ఎరిగిన పనే. దాన్ని పిల్లల చేతికి ఇవ్వండి. పెద్దవాళ్ళ పిడికిలికి నలభై, యాభై గ్రాముల బియ్యం పడతాయి. చిన్నపిల్లల పిడికిలికి అందులో సగం. రోజుకి ఒకసారి పెద్ద పిడికెడు వేస్తే నెలకు కిలో పైనే అవుతుంది. రెండు కిలోలు పట్టే మూత డబ్బా సరిపోతుంది. వానాకాలంలో పురుగు పడుతుంది కాబట్టి నెల దాటి ఉంచొద్దు. ఎండిన వేపాకు నాలుగు రెబ్బలు అడుగున వేయండి.

కొలిచిన బియ్యంలోంచే తీయడం ముఖ్యం. బస్తాలోంచి అదనంగా తీసి వేస్తే ఇంట్లో ఎవరికీ ఏమీ తగ్గదు. గ్లాసుతో కొలిచిన దాంట్లోంచి తీస్తే ఆ పూట అన్నం ఆ మేరకు తగ్గుతుంది, పిల్లలకు ఆ సంగతి తెలుస్తుంది. “మనకి తగ్గింది కదా, ఏమైనా ఇబ్బంది అయిందా?” అని అడగండి. తర్వాత మార్కు 12:41-44లో రెండు కాసులు వేసిన విధవరాలి సంగతి చదవండి. ధనవంతులు ఎక్కువే వేశారు, కానీ వాళ్ళకు ఏమీ తగ్గలేదు. డబ్బా పట్టుకున్న పిల్లవాడికి ఆ తేడా విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇది ఎక్కువగా చెడేది ఒక్క చోట. మనం బాపట్ల పరిశోధనా కేంద్రంలో పుట్టిన బీపీటీ సన్నబియ్యం వండుకుంటూ, ఆ డబ్బాలో మాత్రం రేషను బియ్యం పోస్తాం. పిల్లలు చూస్తూనే ఉంటారు. గుడ్డిదాన్నీ కుంటిదాన్నీ బలిగా తెచ్చినవాళ్ళని మలాకీ 1:8లో దేవుడు అడిగే ప్రశ్న ఇదే: దాన్ని నీ అధికారికి ఇస్తే తీసుకుంటాడా? మీ ఇంట్లో వండేది రేషను బియ్యమే అయితే అదే వేయండి, అందులో తక్కువేమీ లేదు. ఏది తింటే అదే ఇవ్వాలి. నెలాఖరున డబ్బాను గుడికి తీసుకెళ్ళేది పిల్లలే కావాలి. లేదంటే మీ వీధిలో ఒంటరిగా ఉన్న ముసలమ్మకు నేరుగా ఇవ్వనివ్వండి. అప్పుడు ఫోటో తీయకండి.

ఇడ్లీ పిండి

పరలోక రాజ్యం పుల్లని పిండి లాంటిదని మత్తయి 13:33 అంటుంది. ఈ పాఠం డిసెంబరు, జనవరి నెలల్లోనే చేయండి. ఎందుకో చెబుతాం. ఒక గ్లాసు మినప్పప్పు నాలుగు గంటలు నానబెట్టి రుబ్బి, రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ కడిగి, నీళ్ళు పిండేసి అందులో కలపండి. రెండు గాజు సీసాలు తీసుకుని రెండింట్లోనూ సగం దాకా పిండి పోయండి. ఒకదాంట్లో మాత్రం నిన్నటి పులిసిన పిండి ఒక చెంచా వేసి కలపండి. పిండి ఎంతవరకు ఉందో అక్కడ రబ్బరు బ్యాండు వేయించండి. సగానికి మించి పోస్తే పొద్దున గట్టంతా పిండి పారుతుంది.

చలికాలంలో పిండి పులవడానికి పది, పన్నెండు గంటలు పడుతుంది కాబట్టి, పొద్దున చూస్తే పాత పిండి కలిపిన సీసా బ్యాండు దాటి పైకి వచ్చి ఉంటుంది, రెండోది ఇంకా కిందనే ఉంటుంది. మే నెలలో మన ఎండలకు ఆరు గంటల్లో రెండూ ఒకేలా పొంగిపోతాయి, తేడా కనపడదు. “రాత్రి ఏమైనా చప్పుడు విన్నావా? ఎవరైనా కదిపారా?” అని అడిగి, వచనం చదవండి. అందులో మూడు కుంచముల పిండి అని ఉంటుంది. అది ఇరవై లీటర్లకు తక్కువ కాదు, ఒక ఇంటి టిఫినుకి కాదు, పెద్ద విందుకు సరిపోయేంత. ఒక చెంచా అంత పిండిలో ఏం పని చేస్తుందో ఆ వయసు వాళ్ళకి కళ్ళతోనే అర్థమవుతుంది.

ఒక జాగ్రత్త. ఇదే పులిసిన పిండిని 1 కొరింథీయులకు 5:6లోనూ, పరిసయ్యుల గురించి చెప్పే మత్తయి 16:6లోనూ చెడుకు గుర్తుగా వాడారు. రెండూ ఒకే వారంలో చెబితే చిన్నపిల్లలు కంగారుపడతారు. చెడు స్నేహాల సంగతి కొన్నాళ్ళు ఆగి చెప్పండి.

ఆవకాయ కలిపే మే నెలలో ఉప్పు పాఠం ఉంది (మత్తయి 5:13). ఉప్పు తక్కువైతే బూజు పడుతుందనీ, సరిపోయిందో లేదో మూడో రోజు తిరగకలిపినప్పుడు నాలుక మీద తెలుస్తుందనీ మన ఇళ్ళలో అందరికీ తెలుసు. ఆ రోజే ముక్క నాలుక మీద పెట్టి, ముద్దలో ఉప్పు ఎక్కడుందో చూపించమనండి. కలిసిపోయిన ఉప్పు కంటికి కనపడదు, లేకపోతే మాత్రం తెలిసిపోతుంది.

బండి మీద, బస్సులో, బజారులో

దారిలో చెప్పేవి ఇంకా చిన్నవిగా ఉండాలి. హెల్మెట్ పెట్టుకుని బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో వాక్యం చెప్పలేం, చెప్పకూడదు కూడా. అక్కడ చూడండి, ఇంటికొచ్చాక మాట్లాడండి. 108 బండి పక్కనుంచి వెళితే “ప్రభువా, లోపల ఉన్నవాళ్ళని కాపాడు” అని ఒక్క మాట చాలు.

పొద్దున కూలీల అడ్డా మీదుగా వెళ్ళే దారి ఉంటే, మత్తయి 20:1-16కి అంతకంటే మంచి చోటు లేదు. ఏడింటికి అక్కడ గుంపు ఉంటుంది. మేస్త్రీలు కావలసినవాళ్ళని ఎంచుకుని తీసుకెళతారు. పదింటికి ఇంకా కొందరు నిలబడే ఉంటారు, ఎక్కువగా వయసు మళ్ళినవాళ్ళు. సెలవు రోజు ఆ వేళకి అటు వెళ్ళినప్పుడు “వీళ్ళు బద్ధకస్తులా?” అని అడగండి. సాయంత్రం ఉపమానం చదివేటప్పుడు, అయిదు గంటల వేళ నిలబడి ఉన్నవాళ్ళు ఏం జవాబు చెప్పారో ఏడో వచనంలో వెతకమనండి. తమని ఎవరూ కూలికి పెట్టుకోలేదన్నారు. దేనారం ఆ రోజుల్లో ఒక రోజు కూలి, ఒక ఇల్లు ఆ పూట గడవడానికి సరిపోయే డబ్బు. యజమాని అందరికీ ఒకేలా ఎందుకిచ్చాడో అప్పుడు పిల్లలే చెబుతారు. దీన్ని చేతల్లో పెట్టేందుకు ఒక నియమం పెట్టుకోండి: ఇంట్లో సున్నం వేసినా, కుళాయి బాగుచేసినా, ఆ రోజు కూలి ఆ సాయంత్రమే ఇచ్చేయాలి. కూలివాని కూలి మరునాటి వరకు ఉంచుకోవద్దని లేవీయకాండము 19:13. ఆ డబ్బు పిల్లల చేత ఇప్పించండి, “తీసుకోండి బాబాయ్” అని రెండు చేతులతో.

బస్సు సంగతి. ఆర్టీసీలో అయిదేళ్ళు నిండిన పిల్లలకు పన్నెండేళ్ళ దాకా హాఫ్ టికెట్. పదమూడో ఏడు వచ్చిన అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని గుంటూరు నుంచి విజయవాడకు ఒక ఫుల్లు, ఒక హాఫ్ అడిగితే, మిగిలేది కొద్ది రూపాయలు. పిల్లవాడు మాత్రం జీవితాంతం సరిపడే పాఠం నేర్చుకుంటాడు, అదీ తప్పుడు పాఠం. “నాన్న ఇంట్లో లేరని చెప్పు” అని ఫోను పిల్లల చేతికి ఇవ్వడమూ అంతే. మత్తయి 5:37, లూకా 16:10 ఎన్నిసార్లు కంఠతా పట్టించినా ఆ ఒక్క ఫోను కాలు ముందు నిలవవు. దీనికి వేరే పాఠం తయారుచేసుకోవక్కర్లేదు. ఫుల్ టికెట్ తీసుకుని, ఎవరు ఫోన్ చేసినా “ఇప్పుడు మాట్లాడలేను, రేపు చేస్తాను” అని మీరే చెబితే సరిపోతుంది.

గుంటూరు వాళ్ళకి ఇంకొకటి. కుగ్లర్ ఆసుపత్రి వైపు వెళ్ళినప్పుడు ఆ పేరు ఎవరిదో చెప్పండి. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో అమెరికా నుంచి ఇక్కడికి వచ్చారు. మిషన్ ఆమెను పంపింది వైద్యానికి కాదు, స్త్రీల మధ్య బోధ పనికి. రోగుల్ని చూసి ఊరుకోలేక వైద్యం మొదలుపెట్టి, 1930లో గుంటూరులోనే కన్నుమూసేదాకా చేశారు. “మనకి అప్పగించని పని ఎదురైతే ఏం చేయాలి?” అనే ప్రశ్న పదేళ్ళ పిల్లలతో పావుగంట మాట్లాడిస్తుంది.

అన్నదమ్ముల తగవు

ఇది వారానికి నాలుగుసార్లు వచ్చే సందర్భం, అందుకే దీనికి వరస తెలిసి ఉండాలి. ముందు ఇద్దర్నీ వేరే చోట్ల కూర్చోబెట్టి ఇరవై నిమిషాలు ఆగండి. ఏడుపు మధ్యలో చెప్పించిన క్షమాపణకు విలువ లేదు. తర్వాత ఒక్కొక్కరూ తాను చేసింది మాత్రమే చెప్పాలి, ఎదుటివాడు చేసింది కాదు. ఇక్కడే ఎక్కువసేపు పడుతుంది, తొందరపెట్టొద్దు. క్షమాపణకు మూడు మాటలు నేర్పండి: “నేను నీ పుస్తకం చింపాను. అది తప్పు. నన్ను క్షమించు.” ఆ మూడింటిలో “కానీ” రాకూడదు. వస్తే మళ్ళీ మొదటి నుంచి. ఆ తర్వాత నష్టం పూడ్చాలి. చిరిగిన పుస్తకానికి అట్ట వేయాలి, పాకెట్ మనీలోంచి పెన్ను కొనివ్వాలి. లూకా 19:8లో జక్కయ్య మాటతో ఊరుకోలేదు, నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. క్షమించానని చెప్పడానికి అవతలివాడికి టైము ఇవ్వండి. సూర్యుడు అస్తమించే లోపల అని ఎఫెసీయులకు 4:26 గడువు పెట్టింది కదా, సాయంత్రం దాకా ఆగొచ్చు.

ఇవే మూడు మాటలు పిల్లలకు మీరు చెప్పిన రోజున ఈ పాఠం పూర్తిగా అర్థమవుతుంది. ఆఫీసు చిరాకుతో పిల్లవాడి మీద అరిచిన తండ్రి, అదే రాత్రి పడక దగ్గర కూర్చుని “నాన్నా, ఇందాక అరిచాను. అది తప్పు. నన్ను క్షమించు” అంటే గౌరవం తగ్గుతుందని మన ఇళ్ళలో భయం. తగ్గదు. తండ్రులకు ఎఫెసీయులకు 6:4లో విడిగా హెచ్చరిక ఉంది, చదవండి.

గ్లాసు సంగతి

మీ ఇంట్లో పనికి వచ్చే ఆమెకు టీ ఏ గ్లాసులో ఇస్తున్నారు? గట్టు చివర బోర్లించిన వేరే గ్లాసు ఉంటే, యాకోబు 2:1-4 చదివే ముందు దాన్ని తీసేయండి. బంగారు ఉంగరం వాడికి మంచి చోటు, బీదవాడికి పాదపీఠం దగ్గర చోటు చూపించే సంఘం గురించి ఆ వచనాలు. పిల్లలు ఆమెను పేరు పెట్టి పిలవకుండా “అక్కా” అనో “అమ్మా” అనో పిలవాలి. మన తాతల కాలంలో వేరే గ్లాసు ఎవరికి పెట్టేవారో తెలిసిన ఇళ్ళలో కూడా ఆ గ్లాసు తిరిగి వచ్చిందంటే బాధగా ఉంటుంది.

పక్కింటివాళ్ళు ప్రసాదం ఇచ్చినప్పుడు ఏం చేయాలన్న దాంట్లో సంఘానికొక తీరు ఉంది. మీరు ఏది పాటించినా, మాట ఎలా చెప్పాలో పిల్లలకు ముందే నేర్పండి. వద్దనుకుంటే నవ్వుతూ “వద్దు ఆంటీ, మా ఇంట్లో తినం” అనాలి. మొహం చిట్లించడం, విగ్రహాల గురించి మాట జారడం కుదరదు. సాత్వికముతో జవాబు చెప్పమని 1 పేతురు 3:15. మన క్రిస్మస్ కేకు ప్లేటు వాళ్ళింటికి వెళ్ళినప్పుడు మనం ఏ మర్యాద కోరుకుంటామో అదే.

కష్టం వచ్చినప్పుడు

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్ నగర్ వైపు ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. అప్పటి పిల్లలకు అది బాగా గుర్తుంటుంది. “దేవుడు ఎందుకు పంపాడు?” అని అడిగితే, ఎవరి పాపానికో శిక్ష అని మాత్రం చెప్పకండి. సిలోయము గోపురం కూలి చనిపోయిన పద్దెనిమిది మంది మిగతావారికంటే ఎక్కువ పాపులు కారని లూకా 13:4-5లో ప్రభువే అన్నాడు. ఆ ప్రశ్నకు “మాకూ పూర్తిగా తెలియదు” అనడం సరైన జవాబే. తర్వాత “మన దగ్గరికి మొదట ఎవరు వచ్చారు? ఏం తెచ్చారు?” అని అడగండి. పాల ప్యాకెట్లు తెచ్చింది ఏ మతం వాళ్ళో, ఏ కులం వాళ్ళో పిల్లలకు గుర్తుంటే, లూకా 10లో మంచి సమరయుని కథను వాళ్ళే మీకు చెబుతారు.

పరీక్షల కాలం ఇంకో రకం కష్టం. హాలు టికెట్ వెనక ఫిలిప్పీయులకు 4:13 రాసిచ్చే ముందు 11, 12 వచనాలు కలిపి చదవండి. పౌలు ఖైదులో ఉండి, ఆకలితో ఉండటమూ కడుపు నిండి ఉండటమూ నేర్చుకున్నానని చెబుతూ అన్న మాట అది. ర్యాంకు హామీగా ఇస్తే, మార్కులు తగ్గిన రోజున పిల్లవాడు దేవుణ్ణే అనుమానిస్తాడు, లేదా తన విశ్వాసాన్ని. పరీక్ష పొద్దున “చదివింది గుర్తుకు తే, భయం తీసెయ్యి” అని ప్రార్థించండి. ఫలితాల రోజు రాత్రి ఏం వండాలో ముందే అనుకుని, ఎన్ని మార్కులు వచ్చినా అదే వండండి. తప్పిపోయిన కుమారుడి తండ్రి కొడుకు సంజాయిషీ వినకముందే పరుగెత్తాడు (లూకా 15:20).

ప్రార్థనలకు ఒక పొడుగు నోటుపుస్తకం పెట్టండి. ఎడమ పేజీలో తేదీ, అడిగిన మనవి. కుడి పేజీ ఖాళీగా వదిలి, జవాబు వచ్చాక నింపండి. జరిగినవే కాదు, జరగనివీ రాయాలి. పౌలు మూడుసార్లు వేడుకున్నా, తన శరీరంలో ముల్లు అని అతను చెప్పుకున్న బాధ తొలగలేదు (2 కొరింథీయులకు 12:8-9). మంచి జవాబులు మాత్రమే రాసిన పుస్తకాన్ని పదో తరగతి పిల్లలు నమ్మరు.

రాత్రి కుటుంబ ప్రార్థన

పన్నెండు నిమిషాలు చాలు. ఒక పాట, రెండు చరణాలే. పాత కీర్తనలో అర్థం కాని మాట ఒకటి ఉంటే పెద్దవాళ్ళ చేత చెప్పించండి. పది వచనాల లోపు చదువు, ఒక్కొక్కరూ రెండేసి. సువార్తల్లో మార్కుతో మొదలుపెడితే మేలు, పదహారు అధ్యాయాలే, కథ చకచకా నడుస్తుంది. ఒక్క ప్రశ్న. చివర ఒక్కొక్కరూ ఒక్క వాక్యం ప్రార్థన. జపమాల చెప్పుకొనే ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) ఇళ్ళలో చిన్నపిల్లలతో ఒక దశకమే (పది పూసల భాగం) చెప్పి, మిగతాది పెద్దలు తర్వాత పూర్తిచేసుకోవచ్చు. షాపు కట్టేసి నాన్న పదింటికి వచ్చే ఇల్లయితే రాత్రి కోసం ఆగొద్దు, పొద్దున ఆరున్నరకు పెట్టుకోండి. నిద్రకు తూగే పిల్లల్ని కూర్చోబెట్టడం వల్లే చాలా ఇళ్ళలో ఇది ఆగిపోతుంది.

పదమూడు దాటిన పిల్లలతో సీసాలు, ఉప్పు పాఠాలు పనికిరావు, చిన్నతనం అనుకుంటారు. వాళ్ళని ఎదురుగా కూర్చోబెట్టకుండా పక్కన నడుస్తూనో, కూరగాయలు మోసుకొస్తూనో మాట్లాడండి. వాళ్ళు అడిగే ప్రశ్నకు జవాబు తెలియకపోతే పాస్టరుగారిని కలిసి అడిగి, వారం లోపల వచ్చి చెప్పండి. నాలుగు రోజులు ప్రార్థన తప్పితే, తప్పిన భాగాలన్నీ కలిపి ఒకే రాత్రి చదవకండి. ఎక్కడ ఆగారో అక్కడి నుంచి పది వచనాలు చదివి, దీపం ఆర్పి పడుకోండి.